గడప దగ్గర చెప్పులు, తలుపు దగ్గర సలాం



ఆగిరిపల్లి వైపు నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం నెల రోజులుగా నా బల్ల మీద ఉంది. పేరు వేయవద్దని కోరారు, వేయడం లేదు. ఆమెకు పెళ్లయి రెండేళ్లు. ఒడిలో నాలుగు నెలల పసివాడు. అత్తవారిది ఉమ్మడి కుటుంబం, మామిడి తోటల మీదే జీవనం. ఆమె ప్రశ్నలు రెండు. అత్తమ్మకు పదేళ్లుగా మధుమేహం ఉంది. ఇంట్లో కూడా చెప్పులు వేసుకోవాలని డాక్టరు చెప్పారు. నమాజు చదివే ఇంట్లో చెప్పులేమిటని అత్తమ్మ ససేమిరా అంటున్నారు. ఆమెను ఎలా ఒప్పించాలి? ఇది మొదటి ప్రశ్న.

రెండవ దానిని ఆ సోదరి ఎంతో సంకోచంతో, ఉత్తరం చివర చిన్న అక్షరాలతో రాశారు. ఫజ్ర్ వేళ లేచింది మొదలు ఇషా దాకా ఒంటిమీద బిగుతైన లోపలి బాడీ, దానిమీద జాకెట్టు, చీర, తలమీద చెంగు. వేసవి ఎండకు చెమట పట్టి రొమ్ముల కింద చర్మం ఒరిసి ఎర్రబడింది. బిడ్డకు పాలివ్వడమే బాధగా ఉంది. తన గదిలోనైనా కాసేపు దానిని తీసి ఉండవచ్చా అని తోడికోడలిని అడిగితే, పరువుగల ఇంటి ఆడపిల్ల అలా ఉండదని జవాబు వచ్చిందట. ‘నేను అడిగినది తప్పా?’ అన్నది ఆ ఉత్తరంలోని ఆఖరి వాక్యం.

చెప్పులు, లోదుస్తులు. చూడటానికి ఎంతో స్వల్ప విషయాలు. కానీ ఒకదానిలో ఒక తల్లి పాదం ఉంది, మరొకదానిలో ఒక పసివాడి ఆకలి ఉంది. అందుకే ఈ నెల శీర్షికను ఈ రెండింటికే కేటాయిస్తున్నాను. రెండవ విషయం గురించి రాయడానికి కలం కొంత వెనుకాడింది. అయితే ధర్మజ్ఞానం పొందడానికి సిగ్గు అడ్డురాని అన్సారీ స్త్రీలను హజ్రత్ ఆయిషా (రజి) ఎంతగానో మెచ్చుకున్న సంగతి గుర్తుకొచ్చి, కలానికి ధైర్యం వచ్చింది.

ముందు చెప్పుల సంగతి చూద్దాం. మన ప్రాంతంలో చెప్పులు వసారా దాటి లోపలికి రావు. ఏ మతస్థుల ఇంట్లోనైనా ఇదే మర్యాద. నూజివీడు, ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట ఊళ్లలో మామిడి కోతల కాలాన ఇంటి ముందున్న చెప్పుల వరుసను చూసే లోపల ఎవరున్నారో చెప్పవచ్చు. ఎర్రమట్టి అంటిన రబ్బరు చెప్పులు కోత కూలీలవి. నల్లగా మెరిసే బూట్లు నున్న మార్కెట్టు నుంచి లెక్క చూసుకోవడానికి వచ్చిన వ్యాపారివి. మడమ అరిగిపోయిన పాత జత ఇంటి పెద్దాయనది.

ఈ అలవాటు ఎంతో మంచిది. పూత దశలో తేనెమంచు పురుగుకు మందు కొట్టిన చెట్ల కింద తిరిగిన చెప్పులు ఇంట్లోకి వస్తే ఆ మందు నేలమీదికి చేరుతుంది. నేలమీద పాకే పిల్లవాడు ఆ చేతులనే నోట్లో పెట్టుకుంటాడు. పశువుల కొట్టం, కాయల సొన, వీధి బురద, అన్నీ గడప బయటే ఆగిపోవాలి. తోటలో వేసుకునే జత తోటకే పరిమితం కావాలి. తోటలోకి మాత్రం ఎవరూ ఉత్త కాళ్లతో వెళ్లకూడదు. రాలిన ఆకుల కింద రక్తపింజరి ఉండవచ్చు. తడి మట్టి నుంచి కొంకిపురుగు పిల్లలు అరికాలి చర్మం గుండా ఒంట్లోకి చేరతాయి. అవి పేగుల్లో చేరి రక్తం తాగుతాయి. పల్లెల్లోని ఆడవాళ్ల రక్తహీనతకు ఇది కూడా ఒక కారణం.

ఇక అత్తమ్మగారి అభ్యంతరం. ఇది ఆమె ఒక్కరిదే కాదు, మా అమ్మీ కూడా ఇదే మాట అనేది. ఆ మాటకు మేము చెల్లించిన మూల్యం చెబుతాను.

కొన్నేళ్ల క్రితం మే నెలలో అమ్మీ మాగాయ కోసం ముక్కలు తరిగి, ఉప్పులో ఊరవేసి, డాబా మీద ఎండబెట్టింది. తినే వస్తువు పక్కన చెప్పులతో నడవడం ఆమెకు నచ్చదు. మిట్టమధ్యాహ్నం మబ్బు కమ్మినట్టు అనిపించి, ఉత్త కాళ్లతో పైకి వెళ్లి ముక్కలన్నీ ఎత్తి కిందికి తెచ్చింది. పది నిమిషాల పని. 40 డిగ్రీలు దాటిన ఎండకు కాలిన సిమెంటు డాబా అది. మనలో ఎవరమైనా రెండడుగులు వేయగానే గెంతి వెనక్కి వచ్చేవాళ్లం. అమ్మీకి ఏమీ తెలియలేదు. మరునాడు ఫజ్ర్ వుజూ చేస్తుంటే నీళ్లు పోసిన మా చెల్లెలు చూసింది, రెండు అరికాళ్లకూ పెద్ద పెద్ద బొబ్బలు. నొప్పి లేదా అమ్మీ అని అడిగితే, లేదే, కాస్త తిమ్మిరిగా ఉంది అంతే అన్నది. ఆ పుండ్లు మానడానికి మూడు నెలలు పట్టింది. ఆ సంవత్సరం మా ఇంట్లో మాగాయ జాడీ తెరవాలంటే ఎవరికీ మనసు రాలేదు.

మధుమేహం చాలాకాలం అదుపు తప్పి ఉంటే పాదాలలోని నరాలు దెబ్బతింటాయి. స్పర్శ క్రమంగా తగ్గిపోతుంది. రక్తప్రసరణ కూడా మందగిస్తుంది. గుచ్చుకున్నది, కాలింది, కోసుకున్నది తెలియదు. అయిన పుండు తొందరగా మానదు. అందుకే స్పర్శ తగ్గినవారు ఇంటి లోపల కూడా ఉత్త కాళ్లతో నడవరాదని వైద్యులు చెబుతారు. మన దేశంలో 10 కోట్లకు పైగా ప్రజలు మధుమేహంతో ఉన్నారని భారత వైద్య పరిశోధన మండలి వారి సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. అంటే ఇది ఏ ఒక్క ఇంటి అత్తమ్మ సమస్యో కాదు.

మరి ధర్మం మాటేమిటి? అబూదావూద్ హదీసు గ్రంథంలో హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (రజి) ఉల్లేఖించిన ఒక సంఘటన ఉంది. దైవప్రవక్త (స) చెప్పులతోనే నమాజు చేయిస్తూ, మధ్యలో వాటిని తీసి ఎడమవైపున పెట్టారు. అది చూసి వెనుక ఉన్న సహాబీలు కూడా తమ చెప్పులు తీసేశారు. నమాజు ముగిశాక ఆయన కారణం అడిగితే, తమరు తీశారని తామూ తీశామన్నారు. తన చెప్పులకు మాలిన్యం అంటి ఉందని జిబ్రీల్ (అలైహిస్సలాం) తెలియజేశారని ఆయన వివరించారు. మసీదుకు వచ్చేవారు తమ చెప్పులు చూసుకోవాలనీ, మాలిన్యం ఉంటే తుడిచి, వాటితో నమాజు చేసుకోవచ్చనీ బోధించారు.

ఆనాటి మసీదు నేల మట్టి నేల. తివాచీలు పరిచిన నేటి మసీదుల్లోకి చెప్పులతో వెళ్లమని దీని అర్థం కానే కాదు. తువా లోయలో చెప్పులు విడవమని హజ్రత్ మూసా (అలైహిస్సలాం)ను అల్లాహ్ ఆదేశించిన విషయం తాహా సూరా 12వ ఆయత్‌లో ఉంది. చెప్పులు విడవడంలోని వినయం మనకు తెలుసు. కానీ పై హదీసు ఒక విషయాన్ని స్పష్టం చేస్తున్నది. తప్పు చెప్పులో లేదు, దానికి అంటిన మాలిన్యంలో ఉంది. గడప దాటి బయటకు ఎన్నడూ వెళ్లని, శుభ్రంగా కడిగిన జతకు అంటే మాలిన్యం ఏముంది? అప్పుడప్పుడు ఉత్త కాళ్లతో నడవమని కూడా దైవప్రవక్త (స) చెప్పేవారని మరో హదీసులో ఉంది. ఆరోగ్యవంతులకు అది మంచిదే. స్పర్శ పోయిన పాదం రోగి పాదం. రోగికి ఇచ్చే వెసులుబాటును రోగి స్వీకరించాలి.

కాబట్టి అమ్మా, అత్తమ్మగారికి ఇలా చేసి చూడండి. మెత్తని అడుగు గల ఒక జత కొనండి. స్పర్శ తగ్గిన పాదాల కోసం ఎం.సి.ఆర్. రబ్బరుతో చేసిన చెప్పులు దొరుకుతాయి. వేళ్ల మధ్య పట్టీ ఉండేవాటి కంటే, పాదం మీదుగా వెడల్పు పట్టీ, మడమ వెనుక కూడా పట్టీ ఉన్నవి మేలు. కాలి నుంచి జారిపోతే తెలియదు గనుక. కొనేది సాయంత్రం కొనండి, అప్పటికి పాదాలు కొంత వాచి ఉంటాయి, కొలత సరిగ్గా తెలుస్తుంది. వాటిని ఆమె మంచం పక్కన, ఆమె కళ్ల ముందే ఉంచండి. అవి ఇంటి చెప్పులు, వసారాలోకి కూడా వెళ్లవు. జానమాజు అంచు దగ్గర విడిచి, సలాం చెప్పి నమాజు ముగించాక మళ్లీ తొడుక్కుంటారు. వేసుకునే ముందు లోపల చేయి పెట్టి తడిమి చూడాలి. చిన్న రాయి, చీమ, విరిగిన గాజు ముక్క ఏదైనా ఉండవచ్చు.

ఇంకొక విషయం. అల్లాహ్ మనకు ఇచ్చిన వుజూయే పాదాలకు గొప్ప పరీక్ష. రోజుకు ఐదుసార్లు పాదం కడుగుతాం. వేళ్ల సందుల్లోకి వేలు పోనిచ్చి కడగడం ప్రవక్త (స) బోధ. మడమ తడవకుండా వదిలిన వారిని ఆయన తీవ్రంగా హెచ్చరించారు. ఆ కడిగే చేతితోనే, ఆ చూసే కళ్లతోనే పుండు, పగులు, బొబ్బ ఉన్నదేమో చూసుకోవచ్చు. వంగలేని పెద్దవారి పాదాలను కోడలో, కూతురో, మనవడో చూడాలి. కడిగాక మెత్తని బట్టతో వేళ్ల సందులు పొడిగా తుడవాలి. తడి నిలిస్తే ఒరిసిపోయి బూజు పట్టే జబ్బు వస్తుంది. చలికాలంలో వేడినీళ్లు పోసుకునే ముందు స్పర్శ ఉన్న వేరెవరైనా మోచేతితో చూడాలి. అత్తమ్మ పాదాలను చూడటానికి రోజుకు ఒక్కసారి కోడలు కింద కూర్చున్నదంటే, ఆ ఇంట్లో చెప్పుల వాదన చాలావరకు అక్కడే తీరిపోతుంది.

ఇప్పుడు రెండవ ప్రశ్న.

చెల్లీ, మీరు అడిగినది తప్పు కాదు. ఫత్వా ఇవ్వడం నా పని కాదు. దివ్యఖుర్ఆన్‌లో మనందరం చదివే ఒక ఆయత్‌ను గుర్తు చేయడమే నా పని. అన్నూర్ సూరా 58వ ఆయత్‌లో అల్లాహ్ మూడు వేళలను విశ్రాంతికి, ఏకాంతానికి కేటాయించాడు. ఫజ్ర్ నమాజుకు ముందు, మధ్యాహ్నం వస్త్రాలు తీసి ఉంచే సమయం, ఇషా నమాజు తర్వాత. ఈ మూడు వేళల్లో ఇంట్లోని సేవకులు, యుక్తవయసు రాని పిల్లలు సైతం అనుమతి తీసుకునే లోపలికి రావాలి. పిల్లలు యుక్తవయసుకు వచ్చాక అన్ని వేళలా అనుమతి తీసుకోవాలని ఆ తర్వాతి ఆయత్ చెబుతున్నది.

ఈ ఆయత్‌ను నిదానంగా ఆలోచించండి. మధ్యాహ్నపు ఎండలో మనిషి ఒంటిమీది బట్టలు కొంత తగ్గించుకుని సేదతీరుతాడన్న సత్యాన్ని మన సృష్టికర్త గుర్తించాడు. అలా సేదతీరేవారిని మందలించలేదు. బాధ్యతను తలుపు తోసుకుని వచ్చేవారి మీద పెట్టాడు. ఆనాడు ఇళ్లకు తలుపులు, తెరలు సరిగా ఉండేవి కావనీ, అందుకే ఈ ఆదేశం వచ్చిందనీ హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) వివరించారు. మనకు తలుపులు ఉన్నాయి, తెరలు ఉన్నాయి. అయినా మన ఇళ్లలో మధ్యాహ్నం ఏ గది తలుపు ఎవరు ఎప్పుడు తోస్తారో తెలియదు.

కోతల కాలంలో మన ఇళ్ల పరిస్థితి మరీ ఇబ్బందికరం. తెల్లవారుజామునే చిక్కాలు పట్టుకుని తోటకు వెళ్లినవారు ఎండ ముదిరేసరికి తిరిగి వస్తారు. కూలీలకు భోజనాలు, వ్యాపారికి టీ, లెక్కల పుస్తకం కోసం మామగారు, మంచినీళ్ల కోసం మరిది. ఖుర్ఆన్ విశ్రాంతికి కేటాయించిన వేళే మన ఆడవాళ్లకు ఊపిరాడని వేళ అవుతున్నది. మామగారు మహ్రమ్, మరిది కాడు. మరిది ముందు, పరాయివారి ముందు ఓణీ రొమ్మును కప్పి ఉండాలన్నది అన్నూర్ సూరా 31వ ఆయత్ ఆదేశం. అందులో సడలింపు కోసం ఈ సోదరి అడగడం లేదు. తన గదిలో, తలుపు వేసుకుని, బిడ్డకు పాలిచ్చే ఒకటి రెండు గంటల గురించి అడుగుతున్నారు.

వైద్యుల మాట కూడా విందాం. రొమ్ముల కింద చెమట నిలిచి చర్మం ఒరిసినప్పుడు గాలి తగలడం, పొడిగా ఉండటం మందుతో సమానం. బిగుతైన లోదుస్తు అదే చోట ఒత్తుతూ ఉంటే పుండు మానదు, తడికి బూజు జబ్బు చేరుతుంది. పాలిచ్చే తల్లికి బిగుతు వల్ల మరో ప్రమాదం ఉంది. రొమ్ము ఒకేచోట నొక్కుకుపోతే పాల నాళం మూసుకుని గడ్డకట్టి, జ్వరం, వాపు రావచ్చు. రొమ్ము ఎర్రబడి, నొప్పితో జ్వరం వస్తే డాక్టరుకు చూపించాలి. చాలా సందర్భాల్లో పాలివ్వడం ఆపవలసిన పని ఉండదు.

మన ఆడవాళ్లలో రెండు భయాలు ప్రచారంలో ఉన్నాయి. బ్రా వేసుకోకపోతే రొమ్ములు జారిపోతాయన్నది పెద్దవాళ్ల భయం. వయసు, ఎన్నిసార్లు గర్భం దాల్చారు, శరీర బరువు, ఇవే అందుకు ముఖ్య కారణాలు. ఇంట్లో రెండు గంటలు తీసి ఉండటం వల్ల వచ్చేది ఏమీ లేదు. బ్రా వేసుకుంటే క్యాన్సర్ వస్తుందన్నది ఫోన్లలో తిరిగే భయం. అమెరికాలోని సియాటెల్ పరిశోధకులు సుమారు 1500 మంది స్త్రీలను పరిశీలించి, అలాంటి సంబంధం కనిపించలేదని 2014లో ప్రకటించారు. కాబట్టి వేసుకోవడమూ పాపం కాదు, రోగం కాదు. రొమ్ములు బరువుగా ఉన్నవారికి ఆధారం లేకపోతే మెడ, భుజాలు నొప్పి పుడతాయి. వారికి ఇంట్లో వేసుకోవడమే సుఖం. ఎవరి ఒళ్లు వారికి తెలుస్తుంది. రొమ్ములోగాని చంకలోగాని గడ్డ తగిలినా, చనుమొన లోపలికి లాక్కుపోయినా, రక్తం కనిపించినా మాత్రం ఒక్కరోజు కూడా దాచవద్దు. సిగ్గు వల్ల ఆలస్యమైన వైద్యం ఎందరో తల్లులను బిడ్డలకు దూరం చేసింది.

ఆచరణకు కొన్ని మాటలు. నూలుది, కొలత సరిపోయేది, రెండు వేళ్లు దూరేంత వదులుగా ఉండేది కొనుక్కోండి. బిడ్డ పుట్టాక కొలత మారుతుంది, పెళ్లినాటివి బలవంతాన తొడుక్కోవద్దు. చెమటకు తడిస్తే మార్చండి. వదులైన నూలు కమీజు, మందమైన పెద్ద ఓణీ తలుపు వెనుక కొక్కేనికి ఎప్పుడూ వేలాడుతూ ఉండాలి. ఎవరైనా పిలిస్తే క్షణంలో కప్పుకోవచ్చు.

లోదుస్తులు ఆరవేయడం గురించి కూడా చెప్పాలి. మన ఇళ్లలో వాటిని ఏ చీకటి మూలనో, తువాలు కిందనో దాచి ఆరవేస్తారు. అవి పూర్తిగా ఆరవు, ఆ తేమ మళ్లీ ఒంటికే చేరుతుంది. డాబా మీద ఒక మూల పాత దుప్పటి తెరగా కట్టి, దాని వెనుక ఎండలో ఆరవేయండి. మామిడి ఒరుగులకు దొరికే ఎండ మన బట్టలకు కరవు కాకూడదు.

ఇప్పుడు ఒక మాట అత్తమ్మలకు. జుహర్ తర్వాత రెండు గంటలు పాలిచ్చే కోడలి గది వైపు ఎవరినీ పంపకండి. మంచినీళ్ల కుండ, టీ సామాను, లెక్కల పుస్తకం వసారాలోనే పెట్టించండి. మీరు ఒక్కమాట అంటే ఇల్లంతా సర్దుకుంటుంది. కోడలు అడిగితే అది సిగ్గులేనితనంగా కనిపిస్తుంది, మీరు చెబితే అదే ఇంటి మర్యాద అవుతుంది.

మరొక మాట మన మగవారికి, ఈ పుటను వారిచేత కూడా చదివించండి. తల్లి గదిలోకి వెళ్లేటప్పుడు కూడా అనుమతి అడగాలా అని ఒకాయన దైవప్రవక్త (స)ను అడిగారు. అడగాలని జవాబు వచ్చింది. తాను ఆమెతో ఒకే ఇంట్లో ఉంటున్నానన్నా, ఆమెకు సేవ చేసేది తానేనన్నా జవాబు మారలేదు. తల్లిని వస్త్రాలు లేని స్థితిలో చూడటం ఇష్టమా అని ప్రవక్త (స) ఎదురు ప్రశ్న వేశారు. ఇమాం మాలిక్ (రహ్మ) గారి మువత్తాలో ఈ ఉల్లేఖనం ఉంది. తల్లి విషయంలోనే ఇంత జాగ్రత్త ఉంటే వదిన, మరదలు, కోడలు విషయంలో ఎంత ఉండాలి? వసారాలో చెప్పులు విడవగానే గట్టిగా సలాం చెప్పండి. జవాబు వచ్చేదాకా ఆగండి. పదేళ్ల మగపిల్లవాడికి ఈ అలవాటు నేర్పితే, రేపు వాడి భార్య తన గదిలో నిశ్చింతగా గాలి పీల్చుకుంటుంది.

మా అమ్మీ ఇప్పుడు ఇంట్లో చెప్పులు వేసుకుంటోంది. ఆమెను ఒప్పించింది నా వాదన కాదు. మా చిన్న మేనల్లుడు ఆమె జానమాజు పక్కన ఆ జతను సర్ది, నమాజు ముగిసేదాకా కాచుకుని కూర్చుంటాడు. సలాం చెప్పి తల తిప్పగానే, ముందు కుడికాలు నానీ అంటూ తొడుగుతాడు. వేసుకునేటప్పుడు కుడికాలు ముందు, విడిచేటప్పుడు ఎడమకాలు ముందు అన్న సున్నత్‌ను వాడికి నేర్పింది ఆమే.

ఆగిరిపల్లి సోదరీ, ఈ సంచికను ముందు మీ అత్తమ్మగారి చేతికి ఇవ్వండి. మొదటి సగం ఆమె కోసం మీరు అడిగినది. అది చదివిన మనసుతోనే ఆమె రెండవ సగం కూడా చదువుతారని నా నమ్మకం. మీ బిడ్డకు తనివితీరా పాలు, మీ ఒంటికి స్వస్థత, మీ అత్తమ్మగారి పాదాలకు రక్షణ అల్లాహ్ ప్రసాదించుగాక. ఆమీన్.